ఊడిపోయే తీగకు రాసిన కోడ్

లినక్స్ కెర్నల్ సోర్సులో డ్రైవర్ల డైరెక్టరీ తెరిచి, హిడ్ అనే ఫోల్డర్‌లోకి, అక్కణ్ణుంచి యూఎస్‌బీహిడ్‌లోకి దిగితే ‘యూఎస్‌బీమౌస్.సి’ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. సుమారు 250 లైన్లు. రాసింది చెక్ ప్రోగ్రామర్ వోయ్‌త్యెక్ పావ్లిక్. కీబోర్డ్, మౌస్, జాయ్‌స్టిక్ లాంటివన్నీ లినక్స్‌లోకి ఒకే దారిన వచ్చేలా ఇన్‌పుట్ వ్యవస్థను కట్టింది కూడా ఆయనే. ఫైలు నెత్తిన కాపీరైట్ సంవత్సరాలు 1999–2001 అని ఉంటాయి. లినస్ టోర్వాల్డ్స్ తానే కూర్చుని లినక్స్‌కి కొత్త యూఎస్‌బీ కోడ్ మొదలుపెట్టింది కూడా 1999లోనే. 2001 జనవరిలో 2.4 వెర్షన్ విడుదలయ్యేసరికి ఆ వ్యవస్థ చాలామంది చేతులు పడి నిలదొక్కుకుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మీ బల్ల మీది మౌస్‌ని నడిపేది బహుశా ఈ ఫైలు కాదు. ఆ పని యూఎస్‌బీహిడ్ అనే పెద్ద డ్రైవర్ చూసుకుంటుంది. కెర్నల్‌ని కంపైల్ చేసుకునేటప్పుడు ఈ చిన్న డ్రైవర్ పక్కన కనిపించే వివరణలో కూడా, ఇది మీకు దాదాపుగా అక్కర్లేదనే రాసి ఉంటుంది. అయినా పనితనం చూడాలనుకున్నవాళ్లు ముందు ఇక్కడికే రావాలి. పెద్ద డ్రైవర్ లెక్కలేనన్ని రకాల పరికరాలను మోయాలి కాబట్టి దాని అసలు ఎముకలు కండరాల కింద కనపడవు. ఇక్కడ ఉన్నది ఒక్క మౌస్, నాలుగైదు బొత్తాలు, ఒక చక్రం. దాపరికం లేదు.

ఈ ఫైల్లోని లైన్లన్నీ ఒకే ఒక్క అనుమానం మీద నిలబడి ఉన్నాయి: తీగను ఎవరైనా ఏ క్షణాన్నైనా లాగెయ్యవచ్చు. కంప్యూటర్ లోపల బిగించిన కార్డు తియ్యాలంటే మామూలుగా కరెంట్ ఆపి, పెట్టె విప్పి, స్క్రూ తియ్యాలి. యూఎస్‌బీకి అలాంటి మర్యాదలేవీ లేవు. మౌస్ ఒక కబురు పంపుతూండగా సగంలో ఊడవచ్చు. డ్రైవర్ ఇంకా మెమొరీ సమకూర్చుకుంటూ ఉండగా ఊడవచ్చు. ఇప్పుడే గుచ్చి, మనసు మార్చుకుని వెంటనే తీసేసేవాళ్లూ ఉంటారు. వీటిలో ఏది జరిగినా ఆ మౌస్ పోవాలే గాని కెర్నల్ తూలకూడదు.

డ్రైవర్ రంగంలోకి దిగక ముందే చాలా జరుగుతుంది. యూఎస్‌బీ 2.0 దాకా వచ్చిన తీగల్లో నాలుగు వైర్లు: 5 వోల్టుల విద్యుత్తుకు ఒకటి, గ్రౌండ్‌కి ఒకటి, డేటాకు డీ ప్లస్, డీ మైనస్. పోర్ట్ వైపు ఈ రెండు డేటా వైర్లనూ 15 కిలో ఓమ్‌ల నిరోధకాలు సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచుతాయి. పరికరం తన వైపు నుంచి ఏదో ఒక వైరును మాత్రం 1.5 కిలో ఓమ్‌ల నిరోధకంతో పైకి లాగుతుంది. డీ ప్లస్‌ని లాగితే సెకనుకు 1.2 కోట్ల బిట్లు మోసే పరికరం. డీ మైనస్‌ని లాగితే 15 లక్షల బిట్లు చాలుననే పరికరం. మామూలు మౌస్‌లు ఎక్కువగా ఈ రెండో రకం. పైసల విలువ చేసే ఒక నిరోధకం, పరికరం రాకనూ దాని వేగాన్నీ ఒక్క కదలికతో చెప్పేసింది. యూఎస్‌బీ ప్రమాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పొదుపు ఇది.

చేత్తో గుచ్చేటప్పుడు లోపలి లోహపు పట్టీలు ఒక్కసారిగా అతుక్కోవు. తగులుతాయి, వదులుతాయి, మళ్లీ తగులుతాయి. మొదటి తాకిడికే పని మొదలుపెడితే నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు ఆపాల్సి వస్తుంది. అందుకని కెర్నల్‌లోని హబ్ కోడ్ 25 మిల్లీసెకన్లకోసారి పోర్ట్ స్థితి చూస్తుంది. వరసగా 100 మిల్లీసెకన్లు మార్పు లేకుండా ఉంటేనే నమ్ముతుంది. రెండు సెకన్లయినా నిలకడ రాకపోతే ఆ ప్రయత్నం మానుకుంటుంది.

నమ్మకం కుదిరాక పోర్ట్‌ని రీసెట్ చేస్తుంది. అప్పుడే పుట్టిన పరికరం ఏదైనా సున్నా అడ్రసులో ఉంటుంది. ఆ అడ్రసుకే, నీ వివరాలు చెప్పమని హోస్ట్, అంటే కంప్యూటర్, అడుగుతుంది. జవాబుగా రావాల్సింది 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్. ఇక్కడొక చిక్కుంది. ఆ పరికరం ఒక్కో ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు పంపగలదో హోస్ట్‌కి ఇంకా తెలియదు. 8 కావచ్చు, 64 కావచ్చు. ఆ సంఖ్య డిస్క్రిప్టర్‌లోనే రాసి ఉంది, డిస్క్రిప్టర్ చదవాలంటే ఆ సంఖ్య తెలియాలి. ప్రమాణం రాసినవాళ్లు దాన్ని సరిగ్గా ఎనిమిదో బైట్‌లో పెట్టారు. ప్యాకెట్ ఎంత చిన్నదైనా 8 బైట్లకు తగ్గదు కాబట్టి, మొదటి ప్యాకెట్ ముగిసేసరికి కావలసిన సంఖ్య చేతిలో ఉంటుంది.

ప్రమాణం ఇలా ఉంటే పరికరాల తీరు మరోలా ఉంటుంది. తయారీదారుల్లో చాలామంది తమ సరుకును విండోస్‌తో పరీక్షించి ఊరుకుంటారు. విండోస్ మొదట 64 బైట్లు అడిగి, జవాబు రాగానే మరోసారి రీసెట్ చేసి, ఆ తర్వాత అడ్రసు ఇస్తుంది. ఆ వరసకే అలవాటు పడ్డ పరికరాలు కొన్ని, పుస్తకంలో ఉన్నట్టు అడిగితే బిగుసుకుపోతాయి. కెర్నల్ రాసేవాళ్లు దీని మీద వాదించకుండా రెండు పద్ధతులూ పెట్టుకున్నారు. ఒకటి పారకపోతే రెండోది. ఇది గడిచాక పరికరానికి 1 నుంచి 127 లోపు సొంత అడ్రసు దొరుకుతుంది. అడ్రసుకు కేటాయించింది ఏడు బిట్లే కనుక అంతకు మించి కుదరదు.

ఆ తర్వాత పరికరం తన నిర్మాణాన్ని పొరలుగా విప్పి చెబుతుంది. కాన్ఫిగరేషన్, అందులో ఇంటర్‌ఫేస్‌లు, ఒక్కో ఇంటర్‌ఫేస్‌లో ఎండ్‌పాయింట్లు. ఎండ్‌పాయింట్ అంటే డేటా వచ్చే లేదా పోయే ఒక ద్వారం. లినక్స్‌లో డ్రైవర్ అంటుకునేది పరికరానికి కాదు, ఇంటర్‌ఫేస్‌కి. కీబోర్డ్‌లోనే టచ్‌ప్యాడ్ కలిసి ఉన్న పరికరం ఒకే అడ్రసులో ఉంటూ రెండు ఇంటర్‌ఫేస్‌లు చూపిస్తే, వాటిని రెండు వేర్వేరు డ్రైవర్లు పంచుకోవచ్చు.

మన ఫైలు అడుగున ఒక పట్టిక ఉంటుంది. అందులో ఉన్నది ఒక్క వరస: క్లాస్ 3, సబ్‌క్లాస్ 1, ప్రొటోకాల్ 2. మనిషి చేత్తో వాడే పరికరం, బూట్ సమయానికి పనికొచ్చేది, మౌస్. తయారీదారు పేరు లేదు, మోడల్ నంబర్ లేదు. ఈ మూడు అంకెలు చూపించిన పరికరం ఏదైనా సరే. ఈ పట్టిక రెండు చోట్ల పనిచేస్తుంది. నడుస్తున్న కెర్నల్ దీన్ని చూసే డ్రైవర్‌ని ఇంటర్‌ఫేస్‌తో జతపరుస్తుంది. కంపైల్ చేసేటప్పుడు వేరే ప్రోగ్రామొకటి ఇదే పట్టికను చదివి, అంకెలను ఒక అక్షరాల వరసగా మార్చి, మాడ్యూళ్ల జాబితాలో రాసిపెడుతుంది. కొత్త ఇంటర్‌ఫేస్ కనిపించగానే కెర్నల్ అదే తరహా అక్షరాల వరసను ప్రకటిస్తుంది. దాన్ని విన్న యూడెవ్ అనే ప్రోగ్రామ్ జాబితాలో వెతికించి, సరిపోయిన మాడ్యూల్‌ని ఎక్కిస్తుంది. అంతవరకూ ఆ డ్రైవర్ డిస్క్‌లో నిద్రపోతూనే ఉంటుంది. ఈ జతపరిచే పద్ధతికి 2000లో మార్పులు చేసిన ఆడమ్ రిక్టర్ పేరు ఇప్పటికీ యూఎస్‌బీ కోర్ ఫైళ్ల నెత్తిన ఉంది.

బూట్ అన్న మాటకి ఇక్కడ పని ఉంది. మామూలుగా మౌస్ తన డేటా ఏ బిట్ దగ్గర మొదలై ఏ బిట్ దగ్గర ముగుస్తుందో రిపోర్ట్ డిస్క్రిప్టర్ అనే చిన్న భాషలో చెప్పుకుంటుంది. ఆ భాషను అర్థం చేసుకోవడానికి చాలా కోడ్ కావాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే లేచే బయోస్‌లో అంత చోటు ఉండేది కాదు. దాని కోసం ప్రమాణంలో ఒక సులువు ఏర్పాటు చేశారు: మొదటి బైట్‌లో బొత్తాలు, రెండో దానిలో అడ్డం కదలిక, మూడో దానిలో నిలువు కదలిక. ప్రమాణం ఖాయం చేసింది ఈ మూడే. పావ్లిక్ డ్రైవర్ నాలుగో బైట్‌ని కూడా చక్రం తిరుగుడుగా చదువుతుంది. ప్రమాణంలో లేనిది అనుభవం మీద చేర్చినట్టుంది.

డేటా ఉండే చోటుని ఈ ఫైల్లో ‘సైన్డ్ క్యార్’ అని ప్రకటించారు. ‘క్యార్’ అని ఊరుకుంటే కూడా అప్పట్లో ఇంటెల్ యంత్రం మీద పని జరిగిపోయేది. సి భాషలో ఉత్త ‘క్యార్’కి రుణ సంఖ్యలు ఉంటాయా లేదా అన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. ఇంటెల్ మీద ఉంటాయి. ఆర్మ్ మీద మామూలుగా ఉండవు. మౌస్‌ని కాస్త ఎడమకు జరిపితే వచ్చేది రుణ ఒకటి. ఉత్త ‘క్యార్’ రాసి ఉంటే ఆర్మ్ యంత్రం దాన్ని 255గా చదివి, బాణాన్ని కుడివైపుకి విసిరేసేది. 2023లో వచ్చిన 6.2 వెర్షన్‌తో కెర్నల్ మొత్తంలో ఉత్త ‘క్యార్’ని అన్ని యంత్రాల మీదా రుణం లేనిదిగానే లెక్కించాలని తీర్మానించారు. అప్పుడు ఎక్కడెక్కడ ఏమి చెడుతుందో అని చాలా ఫైళ్లు గాలించాల్సి వచ్చింది. ఈ ఫైలు జోలికి పోనక్కర్లేకపోయింది. రెండు దశాబ్దాల కింద రాసిన ఒక్క పదం కాపాడింది.

ఇప్పుడు ప్రోబ్ ఫంక్షన్‌లోకి వెళ్దాం. పట్టికతో సరిపోయిన ఇంటర్‌ఫేస్ దొరకగానే కెర్నల్ పిలిచేది దీన్నే. ఇది చేసే మొదటి పని అనుమానించడం. ఈ ఇంటర్‌ఫేస్‌కి ఎండ్‌పాయింట్ సరిగ్గా ఒక్కటే ఉందా? ఆ ఒక్కటీ పరికరం నుంచి హోస్ట్ వైపు వచ్చే ఇంటరప్ట్ రకమేనా? కాకపోతే ఇది నా సరుకు కాదని తప్పుకుంటుంది. మౌస్‌నని పరికరం చెప్పినంత మాత్రాన నమ్మదు.

తర్వాత కావలసినవి వరసగా సమకూర్చుకుంటుంది. తన లెక్కలు రాసుకోవడానికి కాస్త మెమొరీ, ఇన్‌పుట్ వ్యవస్థలో ఒక పరికరపు నమూనా, డేటా వచ్చి పడటానికి 8 బైట్ల బఫర్, ఆ డేటాను అడగడానికి ఒక యుఆర్‌బి. వీటిలో ఏ ఒక్కటైనా దొరక్కపోవచ్చు. దొరక్కపోతే అంతవరకు తీసుకున్నవన్నీ తిరిగిచ్చెయ్యాలి, అదీ తీసుకున్న వరసకు సరిగ్గా ఎదురు వరసలో. ఫంక్షన్ చివర ఫెయిల్3, ఫెయిల్2, ఫెయిల్1 అని మూడు గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. యుఆర్‌బి కూడా దొరికాక అడ్డంకి వస్తే ‘గోటూ’తో ఫెయిల్3కి దూకుతుంది. అక్కడ యుఆర్‌బిని వదిలి, జారుకుంటూ ఫెయిల్2లో బఫర్‌ని, ఫెయిల్1లో మిగతా రెంటినీ వదులుతుంది. యుఆర్‌బే దొరక్కపోతే సరాసరి ఫెయిల్2లో దిగుతుంది. ఎక్కిన మెట్టును బట్టే దిగడం. 1968లో డైక్‌స్ట్రా ‘గోటూ’ ప్రమాదకరమని ఉత్తరం రాసినప్పటి నుంచి కాలేజీ పాఠాల్లో దానికి చెడ్డపేరే. ఈ ఫంక్షన్ చదివినవాళ్లు ఆ అభిప్రాయాన్ని కొంచెం సడలించుకుంటారు. ఇదే పనిని ఒకదానిలో ఒకటి దూర్చిన ‘ఇఫ్’లతో రాసి చూస్తే, ఏ మెట్టు మీద ఏమి విడిచిపెట్టామో మనకే గుర్తుండదు.

మొదటి రెండు కోరికలకూ కలిపి ఒక్కటే పరీక్ష ఉండటం ఇంకో సొగసు. రెంటిలో ఏది దొరక్కపోయినా ఫెయిల్1కే వెళ్తుంది. దొరకనిదాన్ని వదలమన్నా కెర్నల్ ఫంక్షన్లు ఏమీ అనుకోవు, ఖాళీ పాయింటర్ ఇస్తే మౌనంగా తిరిగి వస్తాయి. ఆ సంగతి తెలిసిన చెయ్యి ఒక మెట్టు తగ్గించుకుంది.

ఆ 8 బైట్ల బఫర్ ఎక్కడ ఉండాలన్నది మరో లెక్క. ఫంక్షన్ లోపల ఒక చిన్న శ్రేణిగా ప్రకటిస్తే స్టాక్‌లో చోటు అప్పనంగా దొరుకుతుంది. అయితే ఈ బఫర్‌లో రాసేది ప్రాసెసర్ కాదు, యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ అనే చిప్పు నేరుగా మెమొరీలోకి రాస్తుంది. దానికి తగిన మెమొరీని ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి. పావ్లిక్ డ్రైవర్ అలాగే అడుగుతుంది. ఒకసారి తీసుకున్న ఆ చోటు చిరునామాను యుఆర్‌బిలో రాసి, ప్రతిసారీ కొత్తగా లెక్కకట్టనక్కర్లేదని ఒక జెండా కూడా ఎత్తుతుంది. స్టాక్‌లో బఫర్ పెట్టకూడదన్న నియమం ఎప్పటి నుంచో ఉన్నా, తప్పినవాళ్లకి పని జరిగిపోతూ వచ్చింది. 2016 డిసెంబర్‌లో వచ్చిన 4.9 వెర్షన్‌లో స్టాక్‌ని వేరే తరహా మెమొరీకి మార్చే ఏర్పాటు రావడంతో ఆ డ్రైవర్లన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. చాలాకాలం వాటి దిద్దుబాట్లు వస్తూనే ఉన్నాయి.

ప్రోబ్‌లో అన్నీ అమర్చాకే ఇన్‌పుట్ వ్యవస్థలో మౌస్‌ని నమోదు చేస్తుంది. ఈ ఆలస్యం కావాలని చేసిందే. నమోదైన మరుక్షణం ఏ ప్రోగ్రామైనా దాన్ని తెరవవచ్చు. తెరిచినప్పుడు పిలిచే ఫంక్షన్‌కి తన లెక్కల చిట్టా ఎక్కడుందో తెలియాలి, యుఆర్‌బి నింపి సిద్ధంగా ఉండాలి. అందుకే ఇల్లు మొత్తం సర్దాక గాని తలుపు తియ్యలేదు.

ఇంతసేపూ యుఆర్‌బి అంటూ వచ్చాను. యూఎస్‌బీ రిక్వెస్ట్ బ్లాక్‌కి అది పొట్టి పేరు. వెనకటికి రెండు తపాలా కార్డులు జంటగా అమ్మేవారు, ఒకదాని మీద మన కబురు, రెండోదాని మీద మన చిరునామా మనమే రాసి పంపే జవాబు కార్డు. యుఆర్‌బి అలాంటిది. ఎవరిని అడగాలి, ఏ ఎండ్‌పాయింట్, ఎన్ని బైట్లు, ఎక్కడ దించాలి అన్నవాటితో పాటు, పని పూర్తయ్యాక ఏ ఫంక్షన్‌ని పిలవాలో కూడా దాని మీదే రాసి ఉంటుంది. పంపినవాడు ఎదురుచూస్తూ కూర్చోడు. జవాబు వచ్చినప్పుడు ఆ ఫంక్షన్ దానంతటదే నడుస్తుంది.

ఇంటరప్ట్ ఎండ్‌పాయింట్ అన్న పేరు చూసి మౌస్ తానే కంప్యూటర్‌ని తట్టి పిలుస్తుందనుకుంటాం. ఈ వేగాల్లో పరికరం తనంతట తాను నోరు విప్పదు. అడిగితేనే చెబుతుంది. ఎన్ని మిల్లీసెకన్లకోసారి అడగాలో డిస్క్రిప్టర్‌లో చెప్పుకుంటుంది. మౌస్‌లలో తరచు కనిపించే అంకె 10. అంటే సెకనుకు కనీసం వందసార్లు ‘ఏమైనా ఉందా’ అని అడగడం, ఏమీ లేకపోతే మౌస్ ‘నాక్’ అని పొట్టిగా జవాబివ్వడం. ఇదంతా హోస్ట్ కంట్రోలర్ చిప్పే చూసుకుంటుంది, ప్రాసెసర్ దాకా రానివ్వదు. మీరు మౌస్ కదిపితేనో, బొత్తం నొక్కితేనో అసలు డేటా వస్తుంది, యుఆర్‌బి పూర్తవుతుంది, డ్రైవర్ లేస్తుంది.

ఆ వందసార్ల అడుగుడు కూడా ఎవరో ఒకరు మౌస్‌ని తెరిచి వింటున్నప్పుడే. ‘ఓపెన్’ ఫంక్షన్ యుఆర్‌బిని పంపుతుంది, ‘క్లోజ్’ దాన్ని ఆపుతుంది. వినేవాడు లేకపోతే అడగడమూ ఉండదు.

యుఆర్‌బి తిరిగొచ్చినప్పుడు నడిచే ఫంక్షనే ఈ డ్రైవర్‌కి గుండెకాయ. ముందు యుఆర్‌బి మీది స్థితిని చూస్తుంది. సున్నా అయితే అంతా సవ్యం. మూడు రకాల సంకేతాలు మాత్రం వీడ్కోలు మాటలు: ఎవరో యుఆర్‌బిని వెనక్కి పిలిచారు, లేదా దాన్ని ఆపేసి పూర్తయ్యేదాకా వేచి ఉన్నారు, లేదా పరికరమో హోస్ట్ కంట్రోలరో మూతపడింది. ఈ మూడింటిలో ఏది వచ్చినా మారుమాట లేకుండా తిరిగి వచ్చేస్తుంది, మళ్లీ పంపదు. మిగతా తప్పులేవైనా తాత్కాలికమే అయి ఉండవచ్చునని, డేటా ముట్టకుండా యుఆర్‌బిని మళ్లీ పంపుతుంది. వెళ్లిపోవడాన్ని తడబాటు నుంచి వేరు చేసి చూడటమే ఈ నాలుగైదు లైన్ల పని. అన్నీ సవ్యంగా ఉంటే మొదటి బైట్‌లోని ఐదు బిట్లను ఐదు బొత్తాలుగా, తర్వాతి మూడు బైట్లను మూడు కదలికలుగా ఇన్‌పుట్ వ్యవస్థకి అప్పజెప్పి, ఇవన్నీ ఒకే క్షణానివని చెప్పే ‘సింక్’ కొట్టి, యుఆర్‌బిని తిరిగి పంపుతుంది. మౌస్‌తో మనకున్న పని మొత్తం ఈ పది పన్నెండు లైన్లలోనే ఉంది. మిగతా రెండువందల పైచిలుకూ రాకపోకల ఏర్పాట్లు.

మళ్లీ పంపేటప్పుడు మెమొరీ కావలసి వస్తే నిద్రపోయే హక్కు లేదని చెప్పే గుర్తు వాడతారు. ఎందుకంటే ఈ ఫంక్షన్ నడిచేది నిద్రపోకూడని సందర్భంలో. ‘ఓపెన్’లో అదే యుఆర్‌బిని పంపేటప్పుడు అవసరమైతే ఆగగల గుర్తు వాడతారు. ఒకే పనికి రెండు చోట్ల రెండు గుర్తులు. ఎక్కడ నిలబడి అడుగుతున్నామో తెలిసి అడగడం అది.

ఒక్క చోట మాత్రం ఈ చిన్న డ్రైవర్ పెద్దదానికి తీసికట్టే. తీగ ఊడిన క్షణానికీ, హబ్ ఆ సంగతి గమనించి కబురు పంపే క్షణానికీ మధ్య కొంత సందు ఉంటుంది. ఆ సందులో పంపిన యుఆర్‌బి ప్రతిదీ తప్పుతోనే తిరిగొస్తుంది. మన డ్రైవర్ వెంటనే మళ్లీ పంపుతుంది, మళ్లీ తప్పు, మళ్లీ పంపడం. యూఎస్‌బీహిడ్ అలా కంగారుపడదు. తప్పు రాగానే 13 మిల్లీసెకన్లు ఆగుతుంది, తర్వాత 26, 52, 104, ఆపైన 104 దగ్గరే నిలుస్తుంది. ఒక సెకను దాటినా తీరు మారకపోతే పరికరాన్ని రీసెట్ చేసి చూస్తుంది.

తీగ ఊడిందని తేలాక పిలిచేది డిస్‌కనెక్ట్ ఫంక్షన్. దాన్ని పిలిచే ముందే యూఎస్‌బీ కోర్ ఆ ఇంటర్‌ఫేస్ ద్వారాలను మూసేస్తుంది. డిస్‌కనెక్ట్ చేసే ప్రధానమైన పని యుఆర్‌బిని చంపడం. అది వినడానికి తేలిక. సరిగ్గా అదే క్షణాన మరో ప్రాసెసర్ మీద, యుఆర్‌బి తిరిగొచ్చినప్పుడు పిలిచే ఆ ఫంక్షన్ నడుస్తూ, దాని చివరి లైన్లో యుఆర్‌బిని మళ్లీ పంపబోతూ ఉండవచ్చు. చంపామనుకుని మెమొరీ వదిలేస్తే, కాసేపటికి హోస్ట్ కంట్రోలర్ ఎవరిదో అయిపోయిన మెమొరీలో రాస్తుంది. ‘యూఎస్‌బీ కిల్ యుఆర్‌బి’ ఫంక్షన్ దీనికి చేసిన ఏర్పాటు చూడండి. ముందు ఆ యుఆర్‌బి మీదున్న ‘రిజెక్ట్’ లెక్కను ఒకటి పెంచుతుంది. ఆ లెక్క సున్నా కానంతవరకు యుఆర్‌బిని ఎవరు పంపబోయినా అనుమతి లేదని వెనక్కి వస్తుంది. తర్వాత దాన్ని వెనక్కి పిలుస్తుంది. వాడుకలో ఉన్నవాళ్ల లెక్క సున్నాకి దిగేదాకా నిద్రపోతుంది. దిగాక రిజెక్ట్ లెక్కను తగ్గించి, అప్పుడు తిరిగి వస్తుంది. ఆ ఫంక్షన్ తిరిగి వచ్చిందంటే యుఆర్‌బి ఎక్కడా బతికి లేదనీ, దాన్ని తిరిగి లేపే చెయ్యేదీ నడుస్తూ లేదనీ ఖాయం. ఆ హామీ చేతికొచ్చాకే మన డ్రైవర్ ఇన్‌పుట్ నమోదు రద్దు చేసి, యుఆర్‌బిని, బఫర్‌ని, చివరగా తన చిట్టాను వదులుతుంది.

మౌస్ ఊడితే పోయేది ఒక బాణం కదలిక. పెన్ డ్రైవ్ ఊడితే ఫైళ్లు పోవచ్చు. అందుకే యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్‌లో ఇదే జాగ్రత్త ఇంకా చిక్కగా ఉంటుంది. ఆ డ్రైవర్ ప్రతి పనినీ 31 బైట్ల ఆదేశంగా పంపుతుంది, డేటా నడుస్తుంది, 13 బైట్ల ఫలితం వస్తుంది. దీనిలో మెమొరీ అడిగే పద్ధతి చూడండి. మెమొరీ తక్కువైనప్పుడు కెర్నల్ మామూలుగా చేసే పని, ఇంకా రాయని పేజీలను డిస్క్‌కి రాసి చోటు ఖాళీ చేయడం. ఆ డిస్క్ ఈ పెన్ డ్రైవే అయితే? రాయడానికి డ్రైవర్ కావాలి, డ్రైవర్ మెమొరీ కోసం ఆగి ఉంది, మెమొరీ రాయడం కోసం ఆగి ఉంది. ఇద్దరూ శాశ్వతంగా ఆగిపోతారు. ఈ ముడి పడకుండా, నా కోసం ఏ డిస్క్ పనీ మొదలుపెట్టవద్దని చెప్పే గుర్తుతోనే ఈ డ్రైవర్ మెమొరీ అడుగుతుంది. పెన్ డ్రైవ్ గుచ్చగానే అది కుదురుకోవడానికి మామూలుగా ఒక సెకను ఆగి తర్వాత వెతుకులాట మొదలుపెడుతుంది. ఆ సెకనులోనే ఊడిపోతే, పెట్టుకున్న వెతుకులాటను రద్దు చేసే లైను కూడా ఉంది.

దీని పక్కనే ‘అన్‌యూజువల్ డెవ్స్’ అనే ఫైలు ఉంటుంది. ప్రమాణం ప్రకారం నడవని పరికరాల పట్టిక అది, తయారీదారు సంఖ్య పెరిగే వరసలో. డిస్క్ తన చివరి సెక్టర్ సంఖ్య చెప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి వెయ్యి సెక్టర్లుంటే 999 అనాలి. కొన్ని పరికరాలు 1000 అంటాయి. ఆ లేని సెక్టర్‌ని చదవబోతే కొన్ని బిగుసుకుపోతాయి కూడా. జీపీటీ అనే డిస్క్ విభజన పద్ధతిలో పట్టిక హెడర్ నకలు ఉండేది చివరి సెక్టర్‌లోనే కనుక చదవక తప్పదు. అలాంటివాటికి పట్టికలో ఒక జెండా: చెప్పినదాంట్లో ఒకటి తగ్గించు. ఇంకో జెండా అనుమానంతో నడుస్తుంది: మొత్తం బేసి సంఖ్యగా తేలితే ఒకటి తగ్గించు, సరి సంఖ్యయితే నమ్ము. మరో రకం కన్వర్టర్ చిప్పులకు ఆదేశానికీ డేటాకీ మధ్య 100 మైక్రోసెకన్ల విరామం కావాలి. డ్రైవర్ 125 ఇస్తుంది. కొన్నిటికి కాస్త ఎక్కువే పడుతోందని, బహుశా వాటి గడియారాలు ఖచ్చితంగా లేకపోవడం వల్ల కావచ్చని పక్కన వ్యాఖ్య రాసి ఉంది. పట్టికలో చాలా వరసల పైన ఆ సంగతి కనిపెట్టి పంపినవాళ్ల పేర్లున్నాయి. తన దగ్గరున్న ఒక్క పరికరం కోసం ఎవరో కూర్చుని తేల్చిన నిజం, ఆ మోడల్ కొన్న అందరికీ పనికొచ్చేలా ఒక్క వరసగా మారింది.

పొరపాటున తప్పు చెప్పే పరికరాల సంగతి ఇది. కావాలని అబద్ధమాడే పరికరాలు తర్వాత వచ్చాయి. 2017లో ఆండ్రే కోనోవలోవ్, గూగుల్‌లో తయారైన సిజ్‌కాలర్ అనే పరీక్షా సాధనంతో, ఉత్తుత్తి యూఎస్‌బీ పరికరాలను సృష్టించి లినక్స్ డ్రైవర్ల మీదకు వదిలాడు. తీగ లేదు, పోర్ట్ లేదు, అంతా మెమొరీలోనే. ఎండ్‌పాయింట్ లేని ఇంటర్‌ఫేస్‌లు, పొంతన లేని డిస్క్రిప్టర్లు, సగంలో ఊడిపోవడాలు. డ్రైవర్లలో తప్పులు కుప్పలుగా బయటపడ్డాయి. వాటిలో తరచు కనిపించింది, ఎండ్‌పాయింట్ ఉందో లేదో చూడకుండానే ఉన్నట్టు వాడెయ్యడం. అదే ఏడాది 4.12 వెర్షన్‌లో, కావలసిన రకం ఎండ్‌పాయింట్లను వెతికి, లేకపోతే లేవని తేల్చి చెప్పే ఉమ్మడి ఫంక్షన్ ఒకటి కెర్నల్‌లో చేరింది. డ్రైవర్ల తర్వాత డ్రైవర్లను దానికి మార్చుకుంటూ వచ్చారు. ఇలాంటి ఉత్తుత్తి పరికరాలను తయారుచేసే ఏర్పాటు 2020లో 5.7 వెర్షన్ నుంచి ‘రా గ్యాడ్జెట్’ పేరుతో కెర్నల్‌లోనే భాగమైంది. యూఎస్‌బీమౌస్.సిలో ఎండ్‌పాయింట్ ఒక్కటేనా, అది లోపలికి వచ్చే ఇంటరప్ట్ రకమేనా అని చూసే ఆ రెండు ‘ఇఫ్’లు ఇప్పటికీ ప్రోబ్ ఫంక్షన్ మొదట్లోనే ఉన్నాయి.